క్రూగర్ సంతకం

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పానా లేదా!"

ఆర్లెన్ హౌగెన్ కాఫీ కప్పుని బల్ల మీద కొట్టినట్టు పెట్టేసరికి సగం కాఫీ కూతురి కాగితం మీద ఒలికింది. మారిట్ కాగితం ఎత్తి, కారుతున్న చుక్కల్ని ప్యాంటుకి తుడిచి, మళ్ళీ ఎక్కడిదక్కడే పెట్టింది. తడిసినా అందులో ఖాళీగా ఉన్న గీత ఖాళీగానే ఉంది. 'డిగ్రీలో తీసుకోబోయే ప్రధాన విషయం' అని అచ్చేసి, పక్కనే ఆ గీత. రేపు పొద్దున ఎనిమిదింటికల్లా దాని మీద ఏదో ఒకటి రాసి యూనివర్సిటీలో ఇవ్వాలి.

"నేనెత్తలేదు నాన్నా, వాళ్ళెత్తారు. సొంత జిల్లా పశువుల డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం కావాలన్నారు. మన జిల్లా మొత్తానికీ ఉన్నది ఆయనొక్కడే. ఇంకో డాక్టర్ని నేనేమన్నా పుట్టించనా?"

"పశువైద్యానికి ఏ డిగ్రీ చదివినా ఒకటేనని ఫోన్లో ఆవిడెవరో చెప్పిందన్నావుగా!"

"చెప్పింది. కెమిస్ట్రీ అయినా సరే, జంతుశాస్త్రం అయినా సరే, ఆఖరికి సంగీతం అయినా సరేనంది. వాళ్ళడిగిన పేపర్లు పాసయితే చాలంది."

"సంగీతమా!" కిటికీ దగ్గర బంగాళాదుంపల చెక్కు తీస్తున్న నాయనమ్మ బోర్గిల్డ్ చాకు ఆపింది. "ఆవు ఈనలేకపోతే పాట పాడి దూడని బయటికి రప్పిస్తారేమిటే?"

ఎవరూ నవ్వలేదు. ఇంకో రోజయితే ఆర్లెనే ముందు నవ్వేవాడు.

"అయితే కెమిస్ట్రీ రాయి. గొడవ వదిలిపోతుంది," అన్నాడు.

"కెమిస్ట్రీలో నాకు అత్తెసరు మార్కులొచ్చాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టింది నువ్వే."

"కష్టపడితే అవే వస్తాయి. రేపు వైద్యం సీటు రాకపోయినా, కెమిస్ట్రీ చదివినవాళ్ళని చీజు ఫ్యాక్టరీ లాబ్‌లో కళ్ళకద్దుకుని తీసుకుంటారు. పాడిశాస్త్రం చదివి ఎవరి ఆవుల్ని పితుకుతావు? మన కొట్టంలో ఆవులున్నాయా?"

మారిట్ తలెత్తి బయటికి చూసింది. కిటికీలోంచి ఎర్ర కొట్టం కనిపిస్తోంది. నలభై ఆరు ఆవులు కట్టేసే కొట్టం. మూడేళ్ళ నుంచీ అందులో పిచికలు తప్ప ఎవరూ లేరు.

"పాడిశాస్త్రం తీసుకుంటే పల్లెల కోసమని పక్కన పెట్టిన సీట్లున్నాయి నాన్నా," మారిట్ గొంతు తగ్గించింది. "మొదటి ఏడే ఎంచుకుంటారు. చదువయ్యాక సొంత జిల్లాకి తిరిగొచ్చి పని చెయ్యాలి. అదొక్కటే షరతు. కెమిస్ట్రీ తీసుకుంటే నాలుగేళ్ళు తన్నుకుని, ఆ తర్వాత వెయ్యి మందితో పోటీ పడాలి. నా మార్కులకి ఆ సీటు కల్లో కూడా రాదు. నీకూ తెలుసు."

"తెలిస్తే మాత్రం? నా బిడ్డ కాగితం మీద వాడి చెయ్యి పడడానికి వీల్లేదు."

అమ్మ డెల్లా ఉంటే ఇద్దరి మధ్యా ఏదో ఒకటి సర్దేది. ఆమె పట్నంలో వృద్ధాశ్రమంలో పగటి డ్యూటీకి పోయింది. ఆవులు పోయాక పట్టిన ఉద్యోగం అది. ఇక మిగిలింది బోర్గిల్డ్. ఆవిడ సర్దే రకం కాదు, రాజేసే రకం.

"మర్చిపోతావేమో, మరోసారి చెప్తా విను," అంటూ మొదలెట్టింది. ఆదివారం చర్చిలో ప్రార్థన కూడా అంత నోటికి రాదావిడకి. "మన డాగ్నీకి పొదుగువాపు చేసింది. ఆ క్రూగర్ వచ్చి మందు ఎక్కించాడు. మందు ఎక్కించిన ఆవుకి వెనక కాలికి ఎర్ర పట్టీ వేస్తాం. పట్టీ ఉన్నంతకాలం దాని పాలు కాలవలోకే. పట్టీ ఎన్ని పూటలుంచాలో చెప్పాల్సింది డాక్టరు. ఆరు పూటలుంచాల్సిన మందుకి నాలుగు పూటలని చెప్పాడు. మీ నాన్న నాలుగు పూటలకి పట్టీ తీశాడు. డాగ్నీ పాలు ట్యాంకులో కలిశాయి. మన పాలు తొమ్మిదిళ్ళ పాలతో లారీలో కలిశాయి. ఫ్యాక్టరీలో పరీక్ష చేస్తే మందు తేలింది. లారీ మొత్తం పొలంలో పారబోశారు! ఆ రోజుతో మన పాలు ముట్టుకున్నవాడు లేడు. ఇన్‌స్పెక్టరు ముందు ఆ మహానుభావుడే ఒప్పుకున్నాడుగా, తప్పు నాదేనని! ఒప్పుకుంటే సరా? ఒప్పుకుంటే ఆవులు తిరిగొస్తాయా?"

"అమ్మా, చాల్లే," అన్నాడు ఆర్లెన్.

"ఎందుకు చాలు? మీ నాన్న బతికుంటే ఏ డాక్టర్నీ అడిగేవాడు కాదు. అరచేతిలో నాలుగు చుక్కలు పిండుకుని చూసేవాడు. పాలు తేరితే ఆవు తేరినట్టే అనేవాడు. ఒక్కనాడు తప్పలేదు!"

ఆర్లెన్ లేచి సింకు దగ్గరికి వెళ్ళి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగాడు.

మారిట్ తన కుడి చేతి మణికట్టు చూసుకుంది. డాగ్నీ కాలి ఎర్ర పట్టీ అక్కడ ఉంది. ఆవుల్ని వేలం వేసిన రోజు కొట్టంలో మేకుకి వేలాడుతుంటే తీసి చేతికి చుట్టుకుంది. అప్పుడు పదిహేనేళ్ళు ఆమెకి. బళ్ళో పిల్లలు పాలు పితకమంటావా అని ఏడిపించినా తియ్యలేదు. క్రూగర్ బోర్డు దిగిన రోజున తీస్తానని ఒట్టు పెట్టుకుంది.

"నాన్నా, విను. నేను వెళ్ళేది వాడి కాళ్ళు పట్టుకోడానికి కాదు. ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళలో డాక్టరునై తిరిగొచ్చి, వాడి క్లినిక్‌కి ఎదురుగా నా బోర్డు కడతాను. ఈ జిల్లాలో ఒక్క ఆవు, ఒక్క పిల్లి వాడి గడప తొక్కకుండా చేస్తాను. దానికి వాడే ఉత్తరం రాసిస్తాడు."

"అద్దీ!" బోర్గిల్డ్ చాకుతో బల్ల మీద కొట్టింది. "వాడి గొయ్యి వాడి చేత్తోనే తవ్వించు. హౌగెన్ల రక్తం అంటే అదీ!"

"వద్దన్నాను!" ఆర్లెన్ అరిచాడు. అరిచాక తనే బెదిరినట్టు గొంతు తగ్గించాడు. "మారిట్, నా మాట విను. కెమిస్ట్రీ తీసుకో, సంగీతం తీసుకో, నీ ఇష్టం. క్రూగర్ దగ్గరికి మాత్రం పోకు. బండి తాళాలు నేనివ్వను."

తాళాలు జేబులో వేసుకుని దాణా లారీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. నలభై ఆరు ఆవుల యజమాని ఇప్పుడు ఊళ్ళో వాళ్ళ ఆవులకి దాణా మోస్తున్నాడు. పొద్దునా సాయంత్రం క్రూగర్ క్లినిక్ ముందు నుంచే పోవాలి. ఆ మలుపు దగ్గర తల తిప్పకుండా పోతాడని ఊరంతా చెప్పుకుంటారు. మానం ఉన్నవాడు కాబట్టే అలా పోతున్నాడని మారిట్ నమ్మకం.

బోర్గిల్డ్ ఆప్రాన్ జేబులో చెయ్యి పెట్టి, తన పాత కారు తాళాలు తీసి బంగాళాదుంపల చెక్కు పక్కన పెట్టింది. పెట్టి, ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు తిరిగింది.

*

క్లినిక్ బోర్డు మీద సగం అక్షరాలు పెచ్చులూడిపోయాయి. దించడానికి ఇంకెంతో కష్టపడక్కర్లేదని మారిట్ మనసులోనే నవ్వుకుంది.

లోపల ఎవరూ లేరు. పేర్లు రాసుకునే బల్ల వెనక కుర్చీ ఖాళీగా ఉంది, దాని వీపుకి ఆడవాళ్ళ నీలం స్వెట్టరు వేలాడుతోంది. క్రూగర్ భార్యది. ఆవిడ పోయి ఐదు నెలలయింది. చర్చిలో అంత్యక్రియల భోజనానికి జిల్లాలో ప్రతి ఇల్లూ ఒక వంటకం పట్టుకెళ్ళింది, మారిట్ వాళ్ళిల్లు తప్ప. డెల్లా పళ్ళెం నిండా బంగాళాదుంపల వంటకం చేసి పెడితే బోర్గిల్డ్ దాన్ని తీసుకెళ్ళి కుక్కకి వేసింది. ఆ రోజు మారిట్ చర్చి ముందు నుంచే బండి నడుపుకుంటూ పోయింది. బండి నెమ్మది కూడా చెయ్యలేదు.

"ఎవరూ?" అంటూ డాక్టర్ వెండెల్ క్రూగర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఆమెని చూసి ఆగిపోయాడు. చూపు ఒక్కసారి మణికట్టు మీదికి పోయి మళ్ళీ మొహం మీదికి వచ్చింది. "మారిట్. కూర్చో అమ్మాయ్."

"కూర్చోను. ఒక ఉత్తరం కావాలి. యూనివర్సిటీకి."

కాగితం ముందుకి తోసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చివరంటా చదివాడు.

"పాడిశాస్త్రం తీసుకుంటున్నావన్నమాట. మంచి పని. కెమిస్ట్రీ జోలికి పోకు, నీకు పడదు."

"నా మార్కులు మీకెవరు చెప్పారు?"

"మార్కులెందుకు? తొమ్మిదేళ్ళప్పుడు దూడ బరువు చెప్తే మందు ఎంత పొయ్యాలో నోటితో లెక్క కట్టేదానివి. అదే కాగితం మీద కట్టమంటే తప్పేదానివి. నీ లెక్కంతా పశువు ఎదురుగా ఉంటేనే."

మెచ్చుకోలు కోసం రాలేదు మారిట్. ఒళ్ళు మండింది.

"ముందే చెప్తున్నాను. తర్వాత మోసం చేసిందనొద్దు. నేను డాక్టరునై వచ్చేది మీ క్లినిక్ ఎదురుగా క్లినిక్ పెట్టడానికే. మీ దగ్గరికొచ్చే ప్రతి పశువునీ నేను లాక్కుంటాను. ఇది మూయించేదాకా నిద్రపోను."

"ఎటు పక్క పెడతావు?"

"ఏమిటి?"

"రోడ్డుకి తూర్పు పక్కన స్థలం చూసుకో. పడమటి పక్క మంచు కరిగినప్పుడల్లా నీళ్ళొస్తాయి," అని ఆయన బల్ల దగ్గర కూర్చుని కలం తీశాడు.

ఛ! పోట్లాడదామని పళ్ళు కొరుక్కుంటూ వస్తే, ఎదుటివాడు చేతికి గొడ్డలిచ్చి మెడ వంచితే ఏం చెయ్యాలి మనిషి? మారిట్‌కి ఏడుపొచ్చినంత పనయింది. ఆ ఏడుపు కూడా కోపంగానే వచ్చింది.

"మీకు సిగ్గు లేదా? నాలుగు పూటలని ఎలా చెప్పారు? ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషికి నాలుక్కీ ఆరుకీ తేడా తెలీదా?"

"ఇన్‌స్పెక్టరుకి అలాగే చెప్పాను," అన్నాడు రాస్తూనే.

"పట్టీ ఎన్ని పూటలుంచాలో దూలం మీద రాయడం మీ అలవాటేగా! మైనం ముక్కతో, నీలం రంగుతో. ఏ కొట్టానికి వెళ్ళినా అదే పని. మా దూలం మీద కూడా నాలుగని రాసే ఉంటారు."

కలం ఆగింది.

"నువ్వు చూశావా?"

"ఎక్కడ చూడను? ఆ వారమే నాన్న కొట్టానికి సున్నం వేశాడు."

"జులైలోనా?"

"అవును, జులైలోనే. అయితే ఏం?"

క్రూగర్ తలెత్తి ఆమె వంక చూశాడు. వాళ్ళ కొట్టానికి ఏటా మే నెలలో సున్నం వేస్తారని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"ఏం లేదు. సున్నం మంచిదే. ఈగలు తగ్గుతాయి," అన్నాడాయన, మళ్ళీ తల వంచి రాసుకుంటూ.

రాసింది మడిచి కవరులో పెట్టి, అంటించి, అంటించినచోట అడ్డంగా సంతకం పెట్టాడు.

"ఇది తెరిస్తే చెల్లదు. నువ్వు కూడా చదవకూడదు. రేపు అలాగే వాళ్ళ చేతిలో పెట్టు." ఆమె గుమ్మం దాటబోతుంటే, "మీ నాన్నకి..." అన్నాడు.

"ఏం చెప్పమంటారు?"

"వద్దులే. ఏమీ చెప్పకు."

*

ఇల్లు చేరేసరికి ఐదు కావస్తోంది. ఆర్లెన్ అప్పటికే వచ్చేసి వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. బోర్గిల్డ్ ఊగే కుర్చీలో ఉంది, తాళాల సంగతి బయటపడ్డట్టుంది.

"రాశాడా?" బోర్గిల్డ్ ఆత్రంగా అడిగింది.

"రాశాడు."

"వణికాడా?"

"వణకలేదు నాయనమ్మా. ఎటు పక్క క్లినిక్ పెడితే బాగుంటుందో సలహా ఇచ్చాడు."

"ముసలి నక్క!"

"ఏమన్నాడు?" అన్నాడు ఆర్లెన్.

"చెప్పాగా."

"అది కాదు. ఇంకేమన్నాడు? నా గురించేమైనా అన్నాడా?"

"ఏమీ చెప్పొద్దన్నాడు."

ఆర్లెన్ గబగబా మెట్లు దిగి వచ్చాడు.

"ఉత్తరం ఇటియ్యి."

"ఇది తెరవకూడదు నాన్నా."

"ఇయ్యమన్నానా!"

"తెరిస్తే చెల్లదు! రేపు ఎనిమిదింటికి ఇవ్వాలి, నాన్నా..."

లాక్కున్నాడు. పద్ధెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె చేతిలోంచి దేన్నీ లాక్కోని మనిషి, కవరు లాక్కుని, సంతకం మీదుగా పర్రున చింపేశాడు. "ఒరే, నీకేం పోయేకాలం!" అని బోర్గిల్డ్ కుర్చీలోంచి లేచింది. ఆర్లెన్‌కి ఏదీ వినిపించలేదు. పెదాలు కదుపుతూ ఒకసారి చదివాడు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. కవరులో చెయ్యి పెట్టి వెతికాడు.

"ఇంతేనా రాశాడు?"

ఆ మాట వినగానే మారిట్ కాగితం అతని చేతిలోంచి తీసుకుంది.

'మారిట్ హౌగెన్‌ని పుట్టిన రోజు నుంచీ ఎరుగుదును. బాధపడుతున్న పశువు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడడం నేర్పితే వచ్చేది కాదు. ఆమెకి అది వచ్చు. ఆవుల్ని చూసుకోవడం ఆమె తండ్రి దగ్గర నేర్చుకుంది. అంత జాగ్రత్తగల పాడిరైతుని ఈ జిల్లాలో నేనింకొకరిని చూడలేదు. నా తర్వాత ఈ అమ్మాయే వస్తుందంటే నా క్లినిక్ తాళాలు నిశ్చింతగా అప్పగిస్తాను.'

కింద సంతకం.

"ఇంతేనా అంటే?" అంది మారిట్. "ఇంకేం రాస్తాడనుకున్నావు నాన్నా?"

లోపల గడియారం ఐదు కొట్టింది. పాలు పితికే వేళ. ఆవులు పోయి మూడేళ్ళయినా ఐదు కొట్టగానే ఆర్లెన్ తల కొట్టం వైపు తిరుగుతుంది. ఇవాళ తిరగలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

"అదేమిట్రా ఆ మొహం?" అంది బోర్గిల్డ్.

జులైలో వేసిన సున్నం గుర్తొచ్చి మారిట్ కొట్టం వైపు నడిచింది. వెనక తండ్రి అడుగుల చప్పుడు వినిపించింది, ఆ వెనక నాయనమ్మ కర్ర చప్పుడు. తలుపు తోసి డాగ్నీని కట్టే చోటికి వెళ్ళి, నీళ్ళ బకెట్టు బోర్లించి దాని మీదెక్కింది. దూలమంతా సున్నం గట్టిగా పట్టుకుని ఉంది. ఒక్కచోట మాత్రం పొంగి, పొక్కులు లేచి ఉంది. మైనం మీద సున్నం ఎన్నాళ్ళు నిలుస్తుంది? గోటితో గీకితే చాలు, పెచ్చులు పెచ్చులుగా రాలింది.

నీలం రంగులో ఆరు. దాని కింద రెండు గీతలు.

ఆమె బకెట్టు దిగలేదు. అక్కడి నుంచే తండ్రిని చూసింది.

"ఆరని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు నాన్నా."

"పాలు తెల్లగా వచ్చాయే," అన్నాడు ఆర్లెన్. గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "నాలుగో పూటకే గడ్డల్లేవు, నీరు లేదు. అరచేతిలో పిండి చూశాను. నాలిక మీద వేసుకుని చూశాను. పాలు తేరితే ఆవు తేరినట్టే అనేవాడు మా నాన్న. ఇంకో రెండు పూటలు అంత మంచి పాలు కాలవలో పారబోయడానికి చేతులు రాలేదు."

గుమ్మంలో బోర్గిల్డ్ కర్ర నేలకి ఆనించి నిలబడింది. ఆ సామెత ఆ ఇంట్లో మూడేళ్ళుగా రోజూ చెప్పింది ఆవిడే.

"ఇన్‌స్పెక్టరుకి అబద్ధం చెప్పావా?"

"నేను చెప్పలేదు! ఒట్టు, నేను చెప్పలేదు. తెలిసి కలిపితే పాలమ్మే లైసెన్సు జన్మలో రాదన్నాడు ఇన్‌స్పెక్టరు. నేను నోరు తెరిచేలోపే వెండెల్ అందుకుని, నాలుగని చెప్పింది నేనే అన్నాడు. తప్పు డాక్టరుదైతే ఫ్యాక్టరీ వాళ్ళు ఊరుకుంటారనుకున్నాడు. మన ఆవులు మనకి మిగులుతాయనుకున్నాడు."

"మిగిలాయా?"

"లేదు."

"మరి ఆ తర్వాతయినా ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నా. మర్నాడు చర్చికి వెళ్తే ఊరంతా నన్ను చూసి అయ్యో అంది. భుజం మీద చెయ్యి వేశారు. అయ్యో అన్నవాళ్ళతో నేనే దొంగనని ఎలా చెప్పను? ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి... సున్నం వేసేశాను."

"నిన్ను చూసి అయ్యో అన్న నోటితోనే ఆయన్ని తిట్టారు నాన్నా. నేనూ తిట్టాను. ఆయన భార్య పోతే..." మారిట్ సున్నం అంటిన గోటిని ప్యాంటుకి తుడుచుకుంది. "ఆయన భార్య పోతే నేను బండి కూడా నెమ్మది చెయ్యలేదు. నువ్వు నన్ను చూస్తూ ఊరుకున్నావు. ఈ పట్టీ చేతికి కట్టుకుని మూడేళ్ళు నీ ఎదురుగా తిరిగాను. రోజూ చూశావు."

"నా బంగారు తల్లివి కదే, నన్ను..."

"అలా పిలవకు."

బకెట్టు దిగింది. మణికట్టు మీది పట్టీ అతుకు పరపరమని ఊడదీసింది. కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. తండ్రి కుడి చెయ్యి పట్టుకుని పట్టీని చుట్టి, నొక్కి బిగించింది. ఆర్లెన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇది ఎప్పుడు తియ్యాలో ఈసారి నేను చెప్తా. పాలు తెల్లగా ఉన్నాయని నువ్వు తియ్యకు."

జాలి పడాలేమోనని ఒక్క క్షణం వెతుక్కుంది లోపల. కనపడలేదు. మూడేళ్ళు పెంచి పోషించిన పగ అంత తేలిగ్గా పోతుందా? ఇల్లు మారిందంతే.

జేబులోంచి కాఫీ మరకల కాగితం తీసి, దూడల గుంజకి ఆనించి, ఖాళీ గీత మీద 'పాడిశాస్త్రం' అని రాసింది.

"ఇంకా అదేనా?" బోర్గిల్డ్ కర్ర ఊతంగా ముందుకొచ్చింది. "ఇంకెవరి మీద కక్ష తీర్చుకోడానికే తిరిగి రావడం?"

"వస్తాను నాయనమ్మా. ఎదురుగా కాదు. క్రూగర్ బోర్డు మీదే ఆయన పేరు కింద నా పేరు రాయించుకుంటాను. పొద్దునా సాయంత్రం నాన్న దాణా లారీ ఆ మలుపు దగ్గరికొచ్చినప్పుడు, ఆ రెండు పేర్లూ తలెత్తి చదవాలి." తండ్రి వైపు తిరిగింది. "నువ్వు చింపిన ఉత్తరం చెల్లదు. రేపు ఎనిమిదింటికి నాకింకొకటి కావాలి. ఈసారి అడిగేది నువ్వు. పద, బండి తియ్యి."

*

క్రూగర్ ఇల్లు క్లినిక్ వెనకే. ఎండ ఇంకా బాగానే ఉంది. ఆర్లెన్ మలుపు దగ్గర అలవాటు కొద్దీ తల తిప్పకుండా పోబోయి, కూతురు చూస్తోందని క్లినిక్ వైపు చూశాడు.

తలుపు కొట్టింది మారిట్. కొట్టి, రెండు మెట్లు దిగి తండ్రి వెనక నిలబడింది, పారిపోయే దారి లేకుండా.

క్రూగర్ తలుపు తీశాడు. చేతిలో ఒక్కడికి సరిపడా భోజనం పళ్ళెం ఉంది. చూపు ముందు ఆర్లెన్ మణికట్టు మీది ఎర్ర పట్టీ మీదికి పోయింది. ఆ తర్వాత అతని చేతిలో చిరిగిన కవరు మీదికి. ఆయనకి అంతా అర్థమైపోయింది. పళ్ళెం పక్కన పెట్టేశాడు.

"ఆర్లెన్, లోపలికి రా. పాత సంగతులెందుకిప్పుడు? చూడమ్మా మారిట్, ఆ రోజు నేనే..."

"ఆగండి డాక్టరుగారూ," అంది మారిట్. "ఈసారి మీరు ముందు మాట్లాడకండి."

రోడ్డు మీద ఎవరిదో ట్రాక్టరు నెమ్మది చేసింది. పైనున్నవాడు ఇటే చూస్తున్నాడు. హౌగెన్ క్రూగర్ గుమ్మంలో నిలబడడం మూడేళ్ళలో ఎవరూ చూడలేదు. ట్రాక్టరు ఇంజను ఆగింది.

ఆర్లెన్ నోరు తెరిచాడు.